సూర్యదేవుడి నాణేన్ని క్రీస్తు నాణెంగా అమ్మినందుకు ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. మా సండే స్కూల్ పిల్లలకు చూపిద్దామని మీ దగ్గర ‘క్రీస్తు రూపం ఉన్న కాన్‌స్టంటైన్ కంచు నాణెం’ కొన్నాను. కాన్‌స్టంటైన్ అంటే నాలుగో శతాబ్దపు రోమన్ చక్రవర్తి. నాణెం అసలైనదే, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కానీ దాని మీద ఉన్నది క్రీస్తు కాదు.

అది రోమన్ల సూర్యదేవుడు సోల్ బొమ్మ. తల మీద కిరణాల కిరీటం, పైకెత్తిన కుడిచెయ్యి, ఎడమచేతిలో గోళం. చుట్టూ ‘సోలి ఇన్విక్టో కొమిటి’ అన్న అక్షరాలు చక్కగా చదవడానికి వస్తున్నాయి. చక్రవర్తికి తోడుగా ఉండే అజేయ సూర్యుడికి అంకితం అని వాటి భావం. భుజాన చిన్న వస్త్రం తప్ప ఒంటి మీద ఏమీ లేని ఈ దేవుణ్ణి క్రీస్తు అని పిల్లలకు ఎలా చూపించమంటారు?

క్రీస్తు సాయంతో గెలిచాడని క్రైస్తవులు చెప్పుకునే మిల్వియన్ వంతెన యుద్ధం (రోమ్ దగ్గర, 312లో) ముగిశాక కూడా కాన్‌స్టంటైన్ టంకశాలలు కొన్నేళ్లపాటు సూర్యుణ్ణే ముద్రించాయి. క్రీస్తు ముఖం ఉన్న రాగి నాణేలు బైజాంటైన్ (తూర్పు రోమన్) చక్రవర్తి మొదటి జాన్ జిమిస్కెస్ కాలంలో, అంటే 969-976 మధ్య మొదలయ్యాయి. వాటిలో క్రీస్తు తల వెనక శిలువ ఉన్న కాంతివలయం, చేతిలో సువార్త గ్రంథం ఉంటాయి. మీరు రాసినదానికీ వాస్తవానికీ ఆరు వందల ఏళ్లకు పైగా తేడా ఉంది.

మీ సర్టిఫికెట్ ఇంకా ఘోరం. ‘యెరూషలేములో ముద్రించినది’ అని సంతకం పెట్టి మరీ ఇచ్చారు. బొమ్మ కింద ఉన్న పీఎల్ఎన్ గుర్తు లండన్ టంకశాలది. 324లో తూర్పు ప్రాంతాలను ఏలుతున్న తోటి చక్రవర్తి లికినియస్‌ను ఓడించేదాకా యెరూషలేము కాన్‌స్టంటైన్ ఏలుబడిలోనే లేదు.

ఫోన్ చేస్తే మీ సిబ్బంది ‘నాణెం నకిలీ కాదు కదా, రిటర్న్ కుదరదు’ అన్నారు. సూర్యదేవుడి నాణెం అని చెప్పి అమ్మి ఉంటే నాకు ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. నాలాంటి విశ్వాసుల భక్తిని చూసి దానికి లేని పేరు తగిలించారు. ఇది నాకు చాలా బాధ కలిగించింది.

నా డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి, కొరియర్ ఖర్చు కూడా మీరే భరించాలి. మీ అమ్మకపు పేజీలో వివరణ మార్చండి. ఇదే వివరణ నమ్మి కొన్న మిగతావాళ్లకు అసలు సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నాణెం ఫొటోలు, సర్టిఫికెట్, బిల్లు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
గుంటూరు