వహీదా అంటే ‘ఏరువాక’ ఒక్కటేనా?

సంపాదకుల వారికి,

హిందీ సినీతార వహీదా రెహమాన్ ప్రస్తావన వస్తే చాలు, మన పత్రికలూ చానళ్లూ ‘రోజులు మారాయి’ (1955)లోని ‘ఏరువాక సాగారో’ పాటలో ఆమె నాట్యాన్ని గుర్తు చేసి, ‘మన దగ్గరే మొదలైంది’ అని మురిసిపోయి ఊరుకుంటాయి. 2023లో ఆమెకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ప్రకటించినప్పుడూ నా కంటబడిన కథనాల్లో చాలావాటిది ఇదే వరస. కొసరాజు మాట, జిక్కి గొంతు నాకూ ఇష్టమే. కానీ ఫాల్కే ఆ ఒక్క పాటకు ఇచ్చింది కాదు గదా!

‘గైడ్’ (1965)లో రోజీని తీసుకోండి. దేవదాసి కూతురు. భర్తకు పాత గుహలూ శిల్పాలే లోకం, ఆమె నాట్యం మాత్రం గిట్టదు. పాములవాళ్ల పేటలో ఒకామె నాగస్వరానికి ఆడుతుంటే చూస్తూ చూస్తూ రోజీ తానూ లేచి ఆడుతుంది. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న మనిషి ఆ మట్టినేల మీద ఒళ్లు మరిచిపోతుంది. చూస్తున్న గైడ్ రాజుకే కాదు, మనకూ ఆమె ఎవరో అప్పుడే తెలుస్తుంది. భర్తను వదిలి పరాయి మగవాడి అండ చేరి, పేరు వచ్చాక అతనితోనూ పొసగని స్త్రీ. ఆ రోజుల్లో అగ్రతారలు జంకే పాత్ర. వహీదా ఎక్కడా ప్రేక్షకుల జాలి కోసం చూడలేదు. ఉత్తమ నటిగా ఫిలింఫేర్ ఊరికే రాలేదు.

‘తీస్రీ కసమ్’ (1966)లో నౌటంకీ (ఉత్తరాది జానపద నాటకం) ఆటగత్తె హీరాబాయి, ‘ప్యాసా’ (1957)లో కవిని నమ్మిన గులాబో కూడా చూడవలసినవాళ్లే. ఇంతటి నటిని ‘కభీ కభీ’ (1976)లో అమితాబ్‌కు భార్యను చేసి, రెండేళ్లకే ‘త్రిశూల్’లో తల్లిని చేశారు. మన సినిమా లెక్కలు అలాంటివి!

‘ఖామోషీ’లో నర్సు రాధ సంగతి మనవాళ్లకు మరీ దగ్గరిది. ప్రేమను నటిస్తూ మానసిక రోగులను నయం చేయడం ఆమెకు అప్పగించిన పని. ఆ నటనలో నిజంగానే మనసిచ్చి, చివరకు అదే ఆసుపత్రిలో తానే రోగి అవుతుంది. ఆశుతోష్ ముఖర్జీ రాసిన ఈ బెంగాలీ కథనే తెలుగులో ‘చివరకు మిగిలేది’ (1960)గా తీశారు. నర్సు పాత్ర సావిత్రిది. ఒకే పాత్రలో ఇద్దరు మహానటులు! ఈ మాట రాసిన వ్యాసం ఒక్కటైనా మన పత్రికల్లో నా కంటబడలేదు.

దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్లు ఈ రెండు చిత్రాలనూ వరసగా రెండు ఆదివారాలు, హిందీదానికి తెలుగు ఉపశీర్షికలు జోడించి, ప్రసారం చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీరు కూడా ఈసారి ఆమె గురించి రాసేటప్పుడు ‘ఏరువాక’ ఫొటో పక్కన రోజీకీ రాధకూ కాస్త చోటివ్వండి.

– ఒక పాఠకురాలు, తెనాలి