మీ ప్యాకెట్ మీద రాసిన మాటకు, మా అడవిలో జరిగిన నరుకుడుకు పొంతన లేదు

కలప కొనుగోలు విభాగం అధిపతి గారికి,
ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: ప్రభుత్వ అడవిలో హద్దు దాటి నరికిన దుంగలను మీ మిల్లు తీసుకోవడం, మా మొదటి ఫిర్యాదుకు మీరిచ్చిన జవాబు

అయ్యా / అమ్మా,

మీ జవాబు అందింది. చెట్లు నరికింది మీరు కాదు, కాంట్రాక్టర్ అన్నారు. అతనికి పర్మిట్ ఉందన్నారు. నరికినవన్నీ చీడ పట్టిన చెట్లేననీ, వాటికి బదులు మీ కంపెనీ మొక్కలు నాటిస్తోందనీ రాశారు. మేం అడిగింది ఇవేవీ కాదు. ఆ దుంగలు మీ మిల్లు గేటు దాటి లోపలికి ఎలా వెళ్లాయని అడిగాం. దానికి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు కాబట్టి మళ్లీ రాస్తున్నాం.

జరిగింది ఇంకోసారి చెప్తాం. నరుకుడు ప్రణాళిక ప్రకారం వాగుకు రెండు పక్కలా ఉన్న పట్టీలో చెట్టును ముట్టుకోకూడదు. ఎక్కడిదాకా కొట్టొచ్చో తెలిసేలా హద్దు చెట్లకు రంగు కూడా వేసి ఉంది. ఆ రంగు వేసిన చెట్లనే కొట్టేశారు. అనుమతి ఉన్న ప్రతి చెట్టుకు మొదలు దగ్గర, నేలను ఆనుకుని సుత్తి ముద్ర వేస్తారు. చెట్టు పోయినా మొద్దు మీద ఆ ముద్ర మిగిలి, ఎవరైనా వచ్చి సరిచూసుకోవడానికే ఆ ఏర్పాటు. వాగు ఒడ్డున మేం చూసిన మొద్దుల్లో చాలావాటికి ముద్ర లేదు. కొన్నిటిని మట్టి కప్పి దాచారు. అనుమతి ఉన్న పనికి ఈ దాపరికం ఎందుకో మీ కాంట్రాక్టర్‌నే అడగండి.

దుంగలు లాగడానికి బుల్‌డోజర్‌తో వాగుకు అడ్డంగా దారి తీశారు. కింద తూము వేయలేదు. కొమ్మలూ మట్టీ పోసి తొక్కించి, దాని మీదుగానే లారీలు నడిపారు. వాన పడగానే ఆ మట్టంతా వాగులోకి జారింది. దిగువన ఉన్నవాళ్లు తాగేది ఆ నీళ్లే. బరువైన యంత్రాలు తిరిగిన నేల గట్టిపడిపోతుంది, నీరు ఇంకదు. ఇంకని నీరు పైపైన పారుతూ మట్టిని కోసుకుపోతుంది. నరుకుడు ఆగిపోయిన ఏళ్ల తర్వాత కూడా ఆ కోత ఆగదు. మీ ఉత్తరంలో ఈ దారి ఊసే లేదు.

ఇవన్నీ మేం ఊహించి రాస్తున్నవి కావు. అడవి చుట్టూ ఉన్నవాళ్లం వంతులేసుకుని తిరుగుతున్నాం. మొద్దుల ఫొటోలు తేదీ, స్థలం వివరాలతో సహా తీశాం. లోడు చేసిన దుంగల కోత ముఖాల మీద రాసిన అంకెలు, లారీ నంబర్లు రాసుకున్నాం. ఆ లారీలు మీ మిల్లు గేటు లోపలికి వెళ్తుండగా తీసిన ఫొటోలు కూడా జత చేశాం. మమ్మల్ని మీ ఉత్తరంలో 'కొందరు ఆందోళనకారులు' అన్నారు. ఫర్వాలేదు. ఆందోళన ఉంది కాబట్టే రాత్రిపూట కూడా కాపలా ఉంటున్నాం.

ఇక కాంట్రాక్టర్ సంగతి. కొనేవాడికి సంబంధం లేదంటే జనం ఒప్పుకోకపోవడం కొత్తదేం కాదు. 1973లో, ఇప్పుడు ఉత్తరాఖండ్‌గా ఉన్న కొండ ప్రాంతంలో, వ్యవసాయ పనిముట్లకు యాష్ అనే చెట్టు కలప కావాలని అడిగిన స్థానికుల సంఘానికి అటవీ శాఖ ఇవ్వలేదు. అదే చెట్లను క్రీడా సామగ్రి చేసే ఒక కంపెనీకి కేటాయించింది. మండల్ దగ్గర జనం అడ్డుపడటంతో కంపెనీ మనుషులు ఒట్టి చేతులతో వెనక్కి వెళ్లారు. చిప్కో ఉద్యమం అక్కడే మొదలైంది. మరుసటి ఏడాది మార్చి 26న రేణి గ్రామంలో గౌరాదేవి, ఆమెతో ఉన్న ఆడవాళ్లు నరకడానికి వచ్చినవాళ్లను ఆపేశారు. ఊళ్లో మగవాళ్లు లేని రోజు అది. పరిహారం ఇస్తామని వాళ్లను వేరే చోటికి పిలిపించారు.

కెనడాలోని క్లేక్వాట్ సౌండ్‌ ఉదాహరణ మీ విభాగానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. 1993 వేసవిలో అక్కడి పాత అడవి కోసం రోడ్డు మీద నిలబడి 800 మందికి పైగా అరెస్టయ్యారు. అయినా నరుకుడు ఆగలేదు. తర్వాత ఉద్యమకారులు ఆ కలప గుజ్జు కొనే కంపెనీల తలుపులు తట్టారు. కొందరు కొనుగోలుదారులు ఒప్పందాలు రద్దు చేసుకున్నారు. 1998లో మాక్‌మిలన్ బ్లోడెల్ అనే ఆ కలప కంపెనీ, అడవిని మొత్తంగా నరికే పద్ధతి మానేస్తామని స్వయంగా ప్రకటించింది. అందుకే మేం ఈ ఉత్తరం కాంట్రాక్టర్‌కు కాకుండా మీకు రాస్తున్నాం.

చీడ మాటకొస్తే, పోలండ్‌లోని బియావోవియేజా అడవిలో నరుకుడు పెంచడానికి ప్రభుత్వం చూపించిన కారణం కూడా బెరడు పురుగే. జనం యంత్రాలకు తమను తాము కట్టేసుకున్నారు, వ్యవహారం కోర్టుకెక్కింది. 2018 ఏప్రిల్ 17న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ నరుకుడు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. చీడ అనేది రుజువు చేయాల్సిన విషయం. మీరు చెప్పిన చెట్లను చీడ పట్టినవని తేల్చిందెవరు, ఎప్పుడు? వాటిని పరీక్షించిన నివేదిక ఉంటే పంపండి. మేం చూసిన దుంగల కోత ముఖాలు మాత్రం గట్టిగా, నిండుగా ఉన్నాయి.

మొక్కల గురించి ఒక్క మాట. ప్రపంచంలో 48 చోట్ల అడవుల్ని కొలిచి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, నేలపైన ఉన్న సజీవ వృక్షరాశిలో దాదాపు సగం అతి పెద్దవైన ఒక్క శాతం చెట్లలోనే ఉంది. మీరు ముందుగా కొట్టించేది ఆ ఒక్క శాతాన్నే. వాటి తొర్రల్లో గుడ్లు పెట్టే పక్షులు మొక్క ఎదిగేదాకా ఎక్కడికి పోవాలి? ఒకే జాతి మొక్కల్ని వరుసగా నాటితే అది తోట అవుతుంది. అడవి కాదు, కొట్టేసిన అడవికి బదులు అంతకన్నా కాదు.

మీ ప్యాకెట్ మీద 'బాధ్యతగా సేకరించిన కలప' అని ఉంది, పక్కనే ఆకుపచ్చ ఆకు. బొమ్మ బాగా వేశారు. ఆ మాటకు మీ దగ్గర ఆధారం ఉంటే చూపించండి. ఆ అడవి నుంచి వచ్చిన ప్రతి లోడు రవాణా పర్మిట్, దాన్ని మీ గేటులో సరిచూసిన రికార్డు మాకు పంపండి. సుత్తి ముద్ర లెక్కతో సరిపోని దుంగల్ని గుజ్జు చేయకుండా విడిగా పెట్టి, అటవీ శాఖకు తెలియజేయండి. మా ఊళ్లవాళ్లు పక్కన ఉండగా స్వతంత్ర తనిఖీ జరిగేదాకా ఆ కాంట్రాక్టర్ దగ్గర కొనుగోలు ఆపండి. వాగులో వేసిన దారిని తీయించి, ఒడ్డును బాగుచేయించే ఖర్చు అతని బిల్లులోంచి కోస్తారో, మీరే పెడతారో మీ ఇష్టం. ఇదంతా తేలేదాకా ఆ వాక్యాన్ని ప్యాకెట్ మీద నుంచి తీసేయండి.

ఈ నెలాఖరులోగా, మేం అడిగిన కాగితాలతో సహా జవాబు రావాలి. మీ తనిఖీ బృందం వస్తామంటే ముద్ర లేని ప్రతి మొద్దు దగ్గరికీ మేమే తీసుకెళ్తాం. గడువులోగా జవాబు రాకపోతే ఇవే ఫొటోలతో అటవీ శాఖకు, వినియోగదారుల కమిషన్‌కు, మీ సరుకు అమ్మే పెద్ద దుకాణాలకు విడివిడిగా ఫిర్యాదులు పంపుతాం. అవి ఇప్పటికే రాసి పెట్టుకున్నాం.

ఇట్లు,
అడవి పక్క ఊళ్ల కాపలా బృందం తరఫున