అమ్మ అని కొడితే పన్నెండు గుర్తులు

చిన్నీ,

నువ్వు సొంతంగా రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ స్క్రీన్‌వి, రాత్రి నువ్వు పంపిన రెండు ఫోటోలూ చూశాను. కింద రాసిన మాటా చూశాను: "మూడు వారాల పని ఇలా తగలడింది, ఎవరికీ చూపించకు." ఎవరికీ చూపించలేదులే. ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా నవ్వుకున్నాను. కోప్పడకు, నవ్వొచ్చింది నిన్ను చూసి కాదు, నా మొదటి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) గుర్తొచ్చి.

ముందు ఆ ఏటవాలు ఫోటో సంగతి. ఎమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్‌లో, నిటారుగా నిలబడ్డ విండో, అసలు లాప్‌టాప్ మీద బూట్ చేసేసరికి పక్కకి వాలిపోయింది, అంతే కదా. నువ్వు గీసిన ఎడమ అంచు గీత మీద వేలు పెట్టి కిందికి వచ్చాను. అది ఎడమకి జారుతూ జారుతూ బయటికి పోయి, కుడివైపు నుంచి మళ్లీ లోపలికి వస్తోంది. పైనుంచి కిందికి అయిదున్నర చుట్లు. స్క్రీన్ 1366 బై 768 అన్నావు. అయిదున్నర చుట్లంటే సుమారు 7,500 పిక్సెల్స్ జరిగినట్టు. 768 వరసలకి పంచితే వరసకి దాదాపు పది, పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున 40 బైట్లు. నువ్వు వరసకి 1366ని నాలుగుతో హెచ్చవేసి 5464 బైట్లనుకుని గీసుకుంటూ పోయావు. ఆ మెషిన్ మాత్రం ప్రతి వరసనీ 64కి సరిగ్గా భాగం పోయేలా పెంచి 5504 చేసుకుంది. మెమరీలో ఒక వరసకి పట్టే ఆ అసలు బైట్ల లెక్కే పిచ్. వెడల్పు వేరు, పిచ్ వేరు. నీ సిస్టమ్‌ని మొదలుపెట్టే బూట్‌లోడర్ ఇచ్చే సమాచారంలోనే అది కూడా ఉంటుంది, నువ్వు దాని మొహం చూడలేదు. ఎమ్యులేటర్‌లో నీ వెడల్పు 1024, దానికి 4096 బైట్లు. అక్కడ పెంచాల్సిన పనే లేదు కాబట్టి తప్పు బయటపడలేదు.

స్క్రీన్ అడుగున సన్నటి నల్ల పట్టీ ఉంది, గమనించావా? ఫోటో పెద్దది చేసి చూస్తే అయిదారు పిక్సెల్స్ ఎత్తుంది. వరసకి 40 చొప్పున 768 వరసలకి 30,720 బైట్లు వెనకబడ్డావు. దాన్ని 5504తో భాగిస్తే మళ్లీ అదే అయిదున్నర! చుట్లు లెక్కపెట్టినా, పట్టీ కొలిచినా ఒకటే అంకె వచ్చింది. నీ కోడ్‌లో ఒక్క లైన్ కూడా చూడకుండా ఈ సంగతంతా చెబుతున్నాను. అందుకే ఆ ఫోటో డిలీట్ చేయొద్దంటున్నాను.

ఇప్పుడు నా కథ విను. నేను మొదలుపెట్టింది టెక్స్ట్ మోడ్‌లో, అంటే స్క్రీన్ మీద బొమ్మలు కాక అక్షరాలే ఉండే పద్ధతిలో. 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు, హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) బి8000 అడ్రస్ దగ్గర మెమరీ. ఒక్కో గడికి రెండు బైట్లు: మొదటిది అక్షరం, రెండోది రంగు. నాకు ఆ రెండోదాని సంగతి తెలియదు. వెల్‌కమ్ అని ఇంగ్లీషులో వరసగా రాసేశాను. డబ్ల్యూ, ఎల్, ఓ అని ఒకటి విడిచి ఒకటి అక్షరం కనిపించింది, అదీ మట్టిరంగు పట్టీల మీద. మింగుడుపడిన అక్షరాలు ఎక్కడికీ పోలేదు, పక్క అక్షరానికి రంగులై కూర్చున్నాయి! చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లో ఓ దాకా ఉన్నవి వెనక మట్టిరంగు పూస్తాయి, పీ నుంచి బూడిద రంగు. పెద్దబడిలో అయితే ఎరుపు, ఆ తర్వాత ఊదా. కొన్నాళ్లకి నేను రంగు చూసి ఏ రకం అక్షరం దాక్కుందో చెప్పేసేదాన్ని. ఎందుకూ పనికిరాని విద్యే అనుకో.

అంతకంటే నన్ను బాగా ఏడిపించింది స్క్రోలింగ్. మెమరీ సరిగ్గా ఉందో లేదో చూసి, చివర్లో "మెమరీ ఓకే" అని ఇంగ్లీషులో ఒక్కసారి చెప్పాలి. స్క్రీన్ నిండా, పై నుంచి కింద దాకా 24 వరసల్లో మెమరీ ఓకే, మెమరీ ఓకే. పరీక్ష చేసే లూప్ ఆగకుండా తిరుగుతోందని నమ్మేశాను. రెండు రోజులు ఆ లూప్‌నే పీకి పాకం పెట్టాను. చివరికి విసుగొచ్చి సీరియల్ పోర్టుకి (ఇంకో కంప్యూటర్‌కి తీగ ద్వారా అక్షరాలు పంపే దారికి) కూడా ప్రింట్ చేయిస్తే, అక్కడ ఒక్కటంటే ఒక్కసారే వచ్చింది. లూప్ పాపం బుద్ధిగానే ఉంది. స్క్రీన్‌ని పైకి జరిపేటప్పుడు పై వరస నుంచి మొదలుపెట్టాల్సింది, నేను అడుగు నుంచి మొదలుపెట్టాను. ఆఖరి వరసని దాని పై వరసలోకి, ఆ కాపీని ఇంకా పై వరసలోకి, అలా ఒకే మాట శిఖరం దాకా ఎక్కేసింది. స్క్రీన్ మీద రాసే ప్రతి మాటా సీరియల్ పోర్టుకి కూడా పంపడం అప్పటినుంచి అలవాటైంది. నువ్వూ ఇవాళే పెట్టుకో. ఏమీ కనిపించని నల్ల స్క్రీన్ వచ్చిన రోజున నీకు దిక్కు అదొక్కటే. వంకర బొమ్మ వస్తే నాకు టెన్షన్ ఉండదు, నల్ల స్క్రీన్ వస్తేనే గుండె జారుతుంది.

మిగతావి చిన్నవి. పసుపు పచ్చగా గీసింది లేత నీలంగా వస్తే ఎరుపూ నీలమూ చోట్లు మార్చుకున్నట్టు. మౌస్ పైకి తోస్తే బాణం కిందికి పోతే, పీఎస్2 మౌస్‌కి పైకి అంటే ప్లస్ అని మర్చిపోయినట్టు. అక్షరాలు వేటికవే అద్దంలో బొమ్మల్లా తిరగబడితే ఫాంట్ బిట్లు కుడి నుంచి చదువుతున్నట్టు. పెద్దబడి ఏ, హెచ్, ఓ లాంటివి మాత్రం తిరగబడినా అలాగే ఉంటాయి కాబట్టి, వాటితో పరీక్షించి అంతా బాగుందనుకోకు.

ఇక రెండో ఫోటో.

దాని గురించి నువ్వు "చెత్త వస్తోంది" అని తప్ప ఇంకేమీ రాయలేదు. పన్నెండు గుర్తులు. చూడగానే మూడేసి చొప్పున విడగొట్టాను, ఎందుకంటే ప్రతి మూడింటిలో మొదటిది గ్రీకు ఆల్ఫా. యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే పద్ధతిలో, తెలుగు అక్షరం ఒక్కొక్కటీ మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ హెక్స్‌లో ఈ0. నువ్వు వాడిన, ఒక్కో బైటుకి ఒక్కో గుర్తు చూపించే పాత 437 కోడ్ పేజీ ఫాంట్‌లో ఈ0 అంటే ఆల్ఫా. దాని పక్కన పలచటి చుక్కల గడి ఉంటే బి0, కాస్త చిక్కటిదైతే బి1. అంటే నాలుగు అక్షరాలు. మూడోదాంట్లో మాత్రమే చుక్కలు చిక్కగా ఉన్నాయి. కాగితం తీసుకుని లెక్క కట్టాను, అది పొల్లు. రెండోదీ నాలుగోదీ అచ్చంగా ఒకేలా ఉన్నాయి, రెండూ మ. మొదటిది అ.

నీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో తెలుగులో రాసిన మొదటి మాట ఏమిటో నాకు చెప్పనేలేదు నువ్వు. ఆ గుర్తులే చెప్పాయి.

సరే, మూడేసి బైట్లని కలిపి చదవడం పెద్ద కష్టం కాదు, ఒక సాయంత్రం పని. తెలుగు ఫాంట్ కూడా తెచ్చిపెట్టుకుంటావు. అప్పుడూ సరిగ్గా రాదు, ముందే చెబుతున్నాను. మకి మ ఒత్తు కింద పడాలంటే అక్షరాలని కలిపే కోడ్ వేరే ఉండాలి. అది లేకపోతే అ, మ, పక్కనే గాల్లో వేలాడే ఒక పొల్లు, మళ్లీ మ. నేను నాలుగు ముక్కలై ఒకే వరసలో నిలబడతాను.

ఆ ఫోటో మాత్రం సరిచేయకముందే పంపు.

ఆశీస్సులతో,
అమ్మ