విద్యార్థులు దొంగచాటుగా షూటింగ్ చేసే పరిస్థితి రానీయకండి

చలనచిత్ర శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సినిమా నిర్మాణం నేర్పే అధ్యాపకుడిని. మా విద్యార్థులు డిప్లొమా చిత్రాల కోసం లొకేషన్ల వేటలో ఉన్నారు. వాళ్ల కథల గురించి నాకు బెంగ లేదు. కెమెరా ఎక్కడ నిలబెడతారోనన్నదే నా బెంగంతా.

పోయినసారి ఒక మేడ మీద రిహార్సల్‌ చూడటానికి వెళ్లాను. సౌండ్ చూసే అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కొసన మైకు బిగించిన పొడవాటి బూమ్ కర్రను తలపైకి ఎత్తి, నటుడి పెదవులనే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. వెనక పిట్టగోడ మోకాలి ఎత్తు కూడా లేదు. పక్కనే కరెంటు తీగలు. కార్బన్ ఫైబర్ కర్ర గుండా కూడా కరెంటు పారుతుందని చాలామందికి తెలియదు. గట్టిగా కేక వేసి, పరుగెత్తి వెళ్లి ఆమె భుజం పట్టుకున్నాను. అజాగ్రత్త మనిషి కాదు ఆ అమ్మాయి. పనిలో మునిగిపోయింది, అంతే. కెమెరా వ్యూఫైండర్‌కు కన్ను ఆనించినవాళ్లకూ పక్కనేం జరుగుతోందో తెలియదు. వైడ్ లెన్స్‌లోంచి చూస్తే దగ్గరికొచ్చేసిన వాహనం కూడా దూరంగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే ముందొక రోజు, షూటింగ్ జరగబోయే వేళకే వెళ్లి రెక్కీ (చోటు పరిశీలన) చేయమంటాం. దగ్గరి ఆసుపత్రి చిరునామాను ఆ రోజు షూటింగ్ వివరాలుండే కాల్‌షీట్‌లో రాయమంటాం. ప్రమాదం కనిపిస్తే షాట్ ఆపించే అధికారం దర్శకుడికి కాక ఇంకొకరికి ఇవ్వమంటాం.

ఇవన్నీ నేర్పినా, అనుమతి దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం చెడుతోంది. ఒక వంతెనకో పాత భవనానికో అనుమతి కావాలంటే ఎవరిని అడగాలో తెలియదు. ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పంపుతుంది. జవాబు వచ్చేలోగా చిత్రం అప్పగించాల్సిన గడువు దాటిపోతుంది. దాంతో పిల్లలు తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతారు. చెప్పకుండా వెళ్లినవాళ్లకు ఆ చోటు లోతుపాతులు చెప్పేవారు ఉండరు. ఎవరైనా వస్తారేమోనన్న తొందర ఒకటి. దెబ్బ తగిలినా సాయానికి ఫోన్ చేయడానికి జంకుతారు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే.

2014 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వృత్తి నిపుణుల బృందమే ఒకటి, రైల్వే సంస్థ అనుమతి లేకుండా నది మీది రైలు వంతెన ఎక్కింది. పట్టాల మీద మంచం వేసి సన్నివేశం తీయబోతుండగా రైలు వచ్చింది. కెమెరా విభాగంలో పనిచేసే 27 ఏళ్ల యువతి ప్రాణం పోయింది. దర్శకుడు నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు. అనుభవం ఉన్నవాళ్ల సంగతే ఇలా ఉంటే, ఇరవై ఏళ్ల పిల్లల మాటేమిటి?

అయ్యా, విద్యార్థి చిత్రాల దరఖాస్తులన్నీ ఒకే చోట తీసుకునే ఏర్పాటు చేయండి. రుసుము మాఫీ చేయండి. అనుమతితో పాటు, ఆ చోటు తెలిసిన ఉద్యోగి ఒకరు రెక్కీకి మా వెంట వచ్చేలా చూడండి. వాడకంలో లేని ప్రభుత్వ భవనాలను పరీక్షించి, భద్రమైనవాటిని కొన్ని రోజులు మా పిల్లలకు ఇవ్వండి. బృందానికంతటికీ బీమా ఉంటే తల్లిదండ్రులకు కాస్త ధైర్యం.

అడిగినవన్నీ ఒప్పుకోమని కాదు. ప్రమాదకరమైన చోటు అయితే కాదనండి, కారణం చెప్పి వారంలోపే కాదనండి. సమయం మిగిలితే సన్నివేశం మార్చుకుంటాం. రైలును చూపడానికి పట్టాలే అక్కర్లేదు; నటుడి ముఖం మీద పరుగెత్తే వెలుగు, దూరం నుంచి కూత చాలు. ఆ పని పిల్లలకు నేను నేర్పగలను.

మా మొదటి షెడ్యూలుకు ఇంకా ఆరు వారాలుంది. మీ కార్యాలయంలో ఎవరిని కలవాలో తెలియజేస్తే, లొకేషన్ల జాబితా పట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక సినిమా అధ్యాపకుడు