బావా, సోమవారం నీ ప్రెస్‌కి ఒక కుర్రాడొస్తాడు

ఒరేయ్ బావా,

మా బడి కుర్రాణ్ణి పని నేర్చుకోడానికి పంపుతానంటే మొన్న ఫోన్లో "సరేలేరా పంపించు, ఓ గంట మిషన్లన్నీ చూపించి టీ ఇచ్చి పంపేస్తా" అన్నావు చూడు, అప్పుడే చెప్దామనుకున్నా, ఇంతలో నీకెవరో శుభలేఖల పార్టీ వచ్చారని పెట్టేశావు. వాట్సాప్‌లో పొడుగ్గా పెడితే నువ్వు చదవవని తెలుసు కాబట్టి కూర్చుని ఉత్తరమే రాస్తున్నా.

ఆ గంట వద్దురా. ఆ టీ కూడా వద్దు.

పోయినేడాది నేనూ అదే పని చేశా. ఎనిమిదో క్లాసు పిల్లల్ని ఆటోలెక్కించి ఒక రొయ్యల ప్లాంటుకి తీసుకెళ్ళా. గేటు దగ్గర గంటసేపు నిలబెట్టారు, లోపలికెళ్తే ఒక పెద్ద అద్దం, అద్దం అవతల మూతికి మాస్కులేసుకుని తలొంచుకుని రొయ్యలు ఒలుస్తున్న ఆడవాళ్ళు, ఇవతల ఒకాయన ఎగుమతులు, డాలర్లు అని ఏదో చెప్పుకుంటూ పోయాడు, తర్వాత తలో బిస్కెట్ ప్యాకెట్, బ్యానర్ పట్టుకుని ఫోటో, అయిపోయింది. తిరిగొచ్చాక ఏం చూశార్రా అంటే "చలేసిందండి" అన్నారు. ఒక పిల్ల మాత్రం మెల్లిగా దగ్గరకొచ్చి "లోపల మా అమ్మ ఉందండి, నన్ను చూడలేదండి" అంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మన చిన్నప్పుడు మాత్రం ఏం వెలగబెట్టార్లే. మార్కుల లిస్టులో పని అనుభవం అని ఒక గడి ఉండేది గుర్తుందా, దానికోసం మన చేత మాస్టారి పెరట్లో గడ్డి పీకించి అందరికీ తలో మార్కు పడేసేవారు. గాంధీ గారు 1937లో వార్ధాలో చెప్పింది చేతిపనితోనే చదువు అని, కొఠారీ కమిషన్ 1966 రిపోర్టులో రాసిందీ పని అనుభవం గురించే, ఇప్పుడు 2020 విద్యా విధానంలోనూ ఆరు నుంచి ఎనిమిది క్లాసుల మధ్య ఓ 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో తోటమాలి దగ్గరో నేర్చుకోవాలని ఉంది. కాగితం మీద ఎప్పుడూ బానే ఉంటదిరా, మన దాకా వచ్చేసరికే గడ్డి పీకుడవుద్ది.

అందుకే ఈసారి గుంపుగా తీసుకెళ్ళడం మానేశా. ఒకళ్ళో ఇద్దరో చొప్పున, ఒకే చోటికి, అయిదేసి రోజులు. ఆ అయిదు రోజులూ వాళ్ళకో నిజమైన చిన్న పని ఉండాలి, అడిగితే జవాబు చెప్పే మనిషి పక్కనుండాలి, అంతే నా షరతు.

మొదటి ఇద్దర్ని కాలవ నీళ్ళు ఆపి వదిలే లొల్ల లాకుల దగ్గర పెట్టా. అందరూ సినిమా షూటింగుల కోసం చెప్పుకునే చోటే. అక్కడ గేట్లు ఎత్తి దించే లస్కరు మా బడికి సైకిల్ మీద పావుగంట దూరంలో ఉంటాడు, ముందు "పిల్లల్ని నీళ్ళ దగ్గర పెట్టుకోవడం నావల్ల కాదు మాస్టారూ" అన్నాడు, నేనూ పక్కనే కూర్చుంటానంటే, ఆ పై ఆఫీసులో కాగితం తెస్తే ఒప్పుకున్నాడు. పిల్లల పనేంటంటే పొద్దునా సాయంత్రం గట్టు మీద నిలబడి నీటి మట్టం చూపే గేజి చదివి వాళ్ళ నోట్సులో రాయడం, లస్కరు రిజిస్టర్‌తో సరిచూడడం, ఎక్కడెక్కడ గుర్రపుడెక్క అడ్డం పడిందో చూసి చెప్పడం. మొదటి రోజు ఇద్దరూ రెండు రకాలుగా రాశారు. లస్కరు నవ్వి "వంగి చూస్తే ఒకటి, నిలబడి చూస్తే ఒకటి వస్తది, కన్ను నీటి మట్టానికి దగ్గరగా పెట్టండి" అన్నాడు. నేను సైన్సు పాఠంలో ఆ ముక్క మూడేళ్ళుగా చెప్తున్నా, ఒక్కడికీ ఎక్కలేదు, అక్కడ ఒక్క నిమిషంలో ఎక్కింది. నాకు కొంచెం కుళ్ళు కూడా వేసిందిలే.

అసలు సంగతి రెండో రోజు సాయంత్రం జరిగింది. ఆ ఇద్దర్లో ఒకడి చేను పిల్లకాలువ చివర్న ఉంది, దాళ్వాలో, అదే రెండో పంటకి, నీళ్ళు అందక వాళ్ళ నాన్న ఇంటికొచ్చి రోజూ తిట్టేది ఎవర్నో తెలుసా, ఈ లస్కర్నే. వాడు ఊరుకోకుండా "ఆయ్, మా నాన్న మిమ్మల్ని తిడతాడండి, మీరు మాకు నీళ్ళెందుకు వదలరండి" అనేశాడు. నేను చచ్చాన్రా అనుకున్నా. ఆయన కోప్పడలేదు, వాణ్ణి కూర్చోపెట్టి రిజిస్టర్ తిప్పి చూపించాడు, పైనుంచి ఎంత వదలమంటే అంతే వదులుతాం బాబూ, ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నా గోదారిలో నీళ్ళు తగ్గితే అన్ని కాలవలకీ వంతులే, ఈ వారం మన వంతు కాదు అని. ఆగస్టులో టీవీలో మొదటి ప్రమాద హెచ్చరిక అని ఊదరగొడతారే, ఆ 11.75 అడుగులంటే కూడా ఇలాంటి గేజి మీద ఒక గీతేనని వాడికి అప్పుడు తెలిసింది.

మర్నాడు ఏం చేశాడో తెలుసా, ఒక కర్రకి స్కేలు పెట్టి గీతలు గీసి వాళ్ళ పిల్లకాలువలో పాతాడు. పొద్దునోసారి సాయంత్రమోసారి రాస్తున్నాడు. వాళ్ళ నాన్న మొదట నవ్వాడంట, నాలుగో రోజుకి ఆయనే "ఈవేళ ఎంతుందిరా" అని అడిగాడంట. నీళ్ళేం పెరగలేదనుకో. తిట్లు కొంచెం తగ్గాయి.

ఇంకో ఇద్దరు అమ్మాయిలు ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇంటికి వెళ్ళారు. కుండ మీద రేకు తియ్యడం మంట దగ్గర పని కాబట్టి వద్దన్నా, చుట్టడం వరకే. తడిగుడ్డతో రేకు మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార జల్లి మడతపెట్టాలి, గట్టిగా ఊపిరి వదిలినా ఎగిరిపోతది. ఒకమ్మాయి మొదటి రోజు చుట్టినవన్నీ ముక్కలే, అవి వాళ్ళే తినేశారు కాబట్టి ఎవరూ బాధపడలేదు. ఆఖరి రోజు ఆ పిల్ల కిలోకి ఎంత కూలి పడుతుంది, గంటకి ఎంతొస్తుంది అని లెక్క కట్టి నాకు చూపించి "షాపులో రేటు ఇంతుంది కదండీ మరి" అంది. నేను శాతాలు చెప్పే పాఠంలో ఇప్పుడు అదే లెక్క వాడుతున్నా.

ఇక నీ సంగతి. వచ్చేవాడికి పదమూడేళ్ళు. 1986 బాలకార్మిక చట్టం 2016లో సవరించాక పద్నాలుగు నిండని పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు, ఇంటి వ్యాపారంలో సాయానికి తప్ప, కాబట్టి జీతం లేని కుర్రాడు దొరికాడనుకుని రీములు మోయించావంటే మన స్నేహం అక్కడితో సరి. కటింగ్ మిషన్ వైపు అసలు రానివ్వకు. వాడు ప్రూఫులు చూస్తాడు, అదే, అచ్చుకి ముందు తప్పులు వెతుకుతాడు. నవ్వకు, వాడి తెలుగు మనకంటే నయం. ముహూర్తం రాత్రి రెండింటికైతే పగలు రెండని అచ్చేసి నువ్వు అయిదొందల కార్డులు మళ్ళీ వేశావే, ఆ కథ ముందు నువ్వే చెప్పు వాడికి. తర్వాత ఒక ప్రూఫు చేతికిచ్చి కూర్చోబెట్టు. తప్పు పట్టుకుంటే దిద్ది ప్లేటు తియ్యి, ఆ కార్డు వాడికి చూపించు. నాలుగు రంగుల్తో ఇన్ని రంగులెలా వస్తాయని తప్పకుండా అడుగుతాడు, బిజీ అని తప్పించుకోకు.

నేను రోజూ వస్తా, ఓ మూల కూర్చుంటా, మీ మధ్యలోకి రాను. వాళ్ళమ్మ ఇంట్లోంచే క్యారేజీ కట్టిస్తానంది, నువ్వు బిర్యానీ తెప్పించకు. తొమ్మిదిన్నరకల్లా రావులపాలెంలో బస్సెక్కుతాం, షట్టర్ ఎత్తి ఉంచు.

ఉంటాన్రా,
నీ మాస్టారు