మా వీధి కుళాయిల్లో మురుగు వాసన పోగొట్టిన వారికి కృతజ్ఞతలు

ఒంగోలులో మా వీధి చివరి ఇళ్ల కుళాయిల్లో ఇప్పుడు మురుగు వాసన లేదు. అందుకు కష్టపడ్డ లైన్‌మన్ గారికి, ఫిట్టర్లకి, సైడు కాలువలో దిగి పూడిక ఎత్తిన పారిశుధ్య కార్మికులకి, వాళ్లందర్నీ ఒకే పూట ఒకచోటికి రప్పించిన వార్డు సచివాలయం సిబ్బందికి వీధి అందరి తరఫునా నమస్కారాలు. ఇదే బాధ పడుతున్న వీధులు ఇంకా ఉన్నాయి కాబట్టి వాళ్లు చేసిన పని వివరంగా రాస్తున్నాం.

లైన్‌మన్ గారు రాగానే అడిగింది ఒక్కటే. "వాసన మొదట వచ్చే నీళ్లలోనేనా, ఆఖరిదాకా ఉంటోందా?" చాలా ఇళ్లలో మొదటి పది నిమిషాలే. కుళాయి పైపుకు నేరుగా మోటారు బిగించిన ఇళ్లలో మాత్రం చివరిదాకా. తప్పు ట్యాంకు దగ్గర లేదు, వీధిలోనే ఉందని ఆయనకు అక్కడే అనుమానం వచ్చింది. మనది సాగర్ నీళ్లు చెరువుల్లో నిల్వ చేసుకుని వంతులవారీగా వదులుకునే ఊరు. సరఫరా ఆగాక పైపులో నీళ్లు దిగిపోతూ గాలిని లాగుతాయి. పైపుకున్న చిల్లు మురుగులో మునిగి ఉంటే గాలికి బదులు మురుగే లోపలికి పోతుంది. మోటారు పెట్టి గుంజితే నీళ్లు వస్తున్నప్పుడూ అదే జరుగుతుంది.

అనుమానాన్ని క్లోరిన్ పరీక్షతో తేల్చుకున్నారు. మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ట్యాంకు దగ్గర పట్టిన నీళ్లకు పసుపు రంగు బాగా వచ్చింది, వీధి మొదట్లో లేతగా వచ్చింది, చివరి ఇంట్లో అసలు రాలేదు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. దారిలో మురికి కలిస్తే అది దానికే ఖర్చయిపోతుంది. ట్యాంకులో ఇంకాస్త బ్లీచింగ్ కలపమని కొందరం అడిగాం. ఆయన ఒప్పుకోలేదు, అదే మంచిదైంది. కలిపి ఊరుకుంటే చిల్లు అలాగే ఉండిపోయేది.

అసలు కష్టం పారిశుధ్య కార్మికులది. ఇంటి కనెక్షన్లన్నీ సైడు కాలువలోంచే దాటతాయి, పూడిక కింద ఒక్కటీ కనబడదు. ఎగువన ఇసుక మూటలు అడ్డం వేసి, పూడిక ఎత్తి, కాలువ ఎండగట్టారు. నీళ్లు వదలగానే మూడు చోట్ల సన్నటి ధార చిమ్మింది. కోసి తీసిన జీఐ (జింకు పూత వేసిన ఇనుప పైపు) ముక్క పైకి నల్లగా, గట్టిగానే ఉంది. బొటనవేలి గోటితో నొక్కితే పొరలు పొరలుగా రాలింది, కింద పెసరగింజంత చిల్లు. తీసిన పూడికను గట్టు మీద వదిలేయకుండా నీరు ఓడగానే ట్రాక్టరుకెత్తారు. గట్టున వదిలేస్తే తొలి వానకే మళ్లీ కాలువలోకి జారుతుంది.

ఫిట్టర్లు అతుకు వెయ్యలేదు. కాలువ దాటే మేర 20 మిల్లీమీటర్ల ఎండీపీఈ (తుప్పు పట్టని ప్లాస్టిక్) పైపు ఒకే ముక్కగా, పెద్ద పీవీసీ గొట్టం తొడిగి, మురుగు మట్టానికి పైనుంచి వేశారు. జాయింట్లు రెండూ కాలువ బయటే.

తర్వాత లైను చివరి మూత విప్పి, తెల్ల మగ్గులో నీళ్లు తేటబడేదాకా వదిలారు. అప్పుడు బ్లీచింగ్. లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లుండే పైపు మీటరుకు దాదాపు 8 లీటర్లు పడుతుంది, అంటే వంద మీటర్లకు 800 లీటర్లు. లీటరుకు 50 మిల్లీగ్రాముల లెక్కన, 25 శాతం క్లోరిన్ ఉన్న పొడి 160 గ్రాములు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోశారు. ఆ రాత్రి ఎవరూ కుళాయి తిప్పొద్దని ఇంటింటికీ వెళ్లి చెప్పారు. మర్నాడు ఆ నీళ్లన్నీ పారబోసి చూస్తే చివరి ఇంట్లోనూ పసుపు రంగు వచ్చింది.

నీళ్ల పైపు ఇంజనీరింగ్ వాళ్లది, కాలువ పూడిక ప్రజారోగ్య విభాగానిది. పైపు కాలువను దాటేచోట ఎవరికి వారు అవతలి వాళ్లదనుకుంటే పని ఏళ్లు పడుతుంది. ఇద్దర్నీ కలిపిన సచివాలయం సిబ్బందికి అందుకే ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెబుతున్నాం.

వీధి వాళ్లకు మిగిలిన పని: సంపుల్లో పాత నీళ్లు ఉంచకండి. తోమి కడిగాక నింపి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ పొడిని బకెట్లో కలిపి తీసిన పైతేట పోసి, ఒక రాత్రి ఉంచి పారబోయండి. ఆ నీళ్లు తాగొద్దు, వంటకి వాడొద్దు. తుప్పు పట్టిన కనెక్షన్లు ఇంకో నాలుగున్నాయి, ఫిట్టర్ గారు కొలతలు తీసుకుని వెళ్లారు. ఆయన మళ్లీ వచ్చేది నీళ్లు వదిలే పూటే. ఆ పూట మోటార్లు ఆపి ఉంచండి, ధార ఎక్కడ చిమ్ముతోందో ఆయనకు కనబడాలి.