చిన్నోడికి, లేత్ కొనే ముందు

ఒరేయ్ చిన్నా,

షెడ్డు ఫోటోలు చూశాను రా, గేదెల కొట్టం వర్క్‌షాప్‌గా ఇంత బాగా తయారవుతుందని అనుకోలేదు, కింద గచ్చు కూడా మందంగానే వేయించినట్టున్నావు. బెజవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ లేత్ (ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే మెషిన్) చూసొచ్చా, అడ్వాన్స్ ఇచ్చెయ్యనా అని అడిగావు కదా, అది ఫోన్లో హడావుడిగా తేల్చే సంగతి కాదని కూర్చుని రాస్తున్నా, నిదానంగా చదువు.

నా మాట విని అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకు. ముందు బిగించేవి కొను, తర్వాత కొలిచేవి కొను, మెషిన్ ఆ తర్వాత. ఇక్కడ అమెరికాలో డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన టూల్‌మేకర్లు చాలామంది ఉన్నారు, వాళ్ళ గరాజ్‌లోకి వెళ్తే మెషిన్లు ఒకటో రెండో, అవీ పాతవే, కానీ ముక్కని బిగించే వైస్‌లు, క్లాంపులు, గుండ్రటి కడ్డీలు ఆనించే వీ బ్లాకులు, సన్నటి తేడాలు ముల్లుతో చూపించే డయల్ గేజీలు మాత్రం గోడ నిండా ఉంటాయి. ముక్క కదలకుండా పట్టుకోవడం, ఎంత తీశామో తెలియడం, ఈ రెండూ లేకపోతే ఎంత మంచి లేత్ అయినా ఇనప రజను తీయడానికే పనికొస్తుంది.

కాబట్టి మొదట బెంచీ. ఇనప యాంగిల్ పట్టీలతో ఫ్రేమ్ చేసి పైన రెండంగుళాల మందం చెక్క వేయించు, కాళ్ళు గచ్చుకీ వెనక గోడకీ బోల్టులతో బిగించు, ఎందుకంటే ఆకురాయి తోసేటప్పుడు బెంచీ కూడా నీతో పాటు ఊగితే చదును ఎప్పటికీ రాదు. వైస్ ఐదు లేదా ఆరంగుళాలది చాలు, దాని దవడల పైభాగం నువ్వు నిలబడితే సరిగ్గా మోచేయి ఎత్తుకి రావాలి, నాన్న ఎత్తుకి కాదు నీ ఎత్తుకి. ఇంకొకటి, వైస్ లోపలి దవడ బెంచీ అంచు దాటి కాస్త ముందుకి ఉండేట్టు బిగించు, అప్పుడే పొడుగు కడ్డీని నిలువుగా పట్టించగలవు, లేకపోతే కింద చెక్కకి తగులుతుంది. ఈ సంగతి చాలామంది బోల్టులు వేసేశాక గానీ చూసుకోరు. ఆకురాయికి చెక్క పిడి లేకుండా ఎప్పుడూ పట్టుకోకు, వెనక తోక అరచేతిలో దిగుతుంది. ఆకురాయి పళ్ళల్లో సుద్దముక్క రుద్దు, రజను ఇరుక్కోదు, ముక్క మీద గీతలు పడవు.

కొలిచేవాటిలో 150 ఎంఎం వెర్నియర్ కాలిపర్ ఒకటి, అంతకంటే సన్నగా కొలిచే 0 నుంచి 25 ఎంఎం మైక్రోమీటర్ ఒకటి, అయస్కాంతం స్టాండుతో 0.01 ఎంఎం డయల్ గేజి ఒకటి, మంచి మూలమట్టం ఒకటి. మూలమట్టం కొనేటప్పుడు కొట్లోనే పరీక్ష చెయ్యి, తిన్నగా ఉన్న అంచుకి ఆనించి గీత గియ్యి, తిరగేసి అదే చోట నుంచి ఇంకో గీత గియ్యి, రెండూ కలిసిపోతే సరైనది, పైకెళ్ళేకొద్దీ విడిపోతే అక్కడే ఇచ్చేసి వచ్చెయ్. మార్కింగ్‌కి ఇక్కడ నీలం రంగు డబ్బాలు అమ్ముతారు, నీకు అవి అక్కర్లేదు, మన పొలాలకి వాడే మైలుతుత్తం నీళ్ళల్లో కలిపి, నూనె జిడ్డు లేకుండా తుడిచిన ఇనుము మీద పూస్తే పల్చటి రాగి పొర పడుతుంది, దాని మీద స్క్రైబర్‌తో (మొనదేలిన ఉక్కు పుల్లతో) గీస్తే గీత ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూడు. పాత ఫిట్టర్లందరూ అలాగే చేసేవాళ్ళు. మైలుతుత్తం విషం కదా, పిల్లలకి అందకుండా, వంటింటి గిన్నెలు వాడకుండా చూసుకో.

తర్వాత డ్రిల్లింగ్ మెషిన్. ఇది లేత్ కంటే ముందు కొను, రోజూ వాడేది ఇదే. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) బిట్‌తో మామూలు ఎంఎస్‌కి (మెత్తటి ఉక్కుకి) లెక్క చాలా తేలిక, 8000ని బిట్ సైజు ఎంఎంలతో భాగించు, అంటే 10 ఎంఎంకి నిమిషానికి 800 తిప్పులు, 5 ఎంఎంకి 1600, 20 ఎంఎంకి 400. చాలామంది బెల్టు ఎప్పుడూ ఒకే కప్పీ మీద ఉంచేసి పెద్ద బిట్లన్నీ కాల్చేస్తారు. ట్యాప్ వేసే (లోపల మర కోసే) చిల్లుకి కూడా గుర్తు పెట్టుకునే పని లేదు, ట్యాప్ సైజులోంచి పిచ్ (మర చుట్ల మధ్య దూరం) తీసెయ్యి, ఎం6కి 5, ఎం8కి 6.8, ఎం10కి 8.5. నూనె వేసి అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. అల్యూమినియానికి కిరోసిన్ బాగుంటుంది, పోత ఇనుముకి ఏమీ వెయ్యక్కర్లేదు. రేకు ముక్కని చేత్తో పట్టుకుని మాత్రం చిల్లు వేయకు రా, బిట్ అవతలికి దిగే క్షణంలోనే అది పట్టేసి గిరగిరా తిరుగుతుంది, అంచు కత్తి లాగా ఉంటుంది. బల్లకి క్లాంప్ వెయ్యి. తిరిగే మెషిన్ల దగ్గర గ్లోవ్స్ వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు, మెడలో గొలుసు తీసి అమ్మకి ఇచ్చి రా.

బెంచ్ గ్రైండర్ లేత్‌కి దూరంగా, గుమ్మం పక్కన పెట్టు, ఆ రాయి పొడి లేత్ బెడ్ మీద, అంటే టూల్ బండి జారే పట్టాల మీద, పడితే బెడ్‌ని అరగదీస్తుంది. టూల్ ఆనించే రెస్టుకీ రాయికీ మధ్య 3 ఎంఎం మించి సందు ఉండకూడదు, పైన నాలుకలాంటి గార్డుకి 6 ఎంఎం. రాయి అరిగేకొద్దీ ఇవి జరుపుతూ ఉండాలి. కొత్త రాయి బిగించే ముందు వేలికి తగిలించుకుని చెక్క పిడితో మెల్లగా కొట్టి విను, ఖంగుమంటే మంచిది, డబ్‌మంటే పగులుంది, పారెయ్. ఆన్ చేసిన మొదటి నిమిషం పక్కకి నిలబడు.

ఇప్పుడు లేత్. ఈసారి వెళ్ళినప్పుడు మెషిన్ రంగు చూడకు, రంగు నిన్ననే వేసుంటారు. క్యారేజీని (టూల్ మోసే బండిని) చక్ (ముక్కని పట్టుకుని తిప్పే దవడలు) దగ్గరికి తెచ్చి దాని జిబ్ స్క్రూలు (వదులు సరిచేసేవి) కాస్త బిగుతుగా ఆడేట్టు బిగించి, మెల్లగా టెయిల్ స్టాక్ (అవతలి చివర ఆసరా) వైపు తిప్పుకుంటూ వెళ్ళు. మధ్యలో పట్టేస్తే చక్ దగ్గర బెడ్ అరిగిందని అర్థం, ఎందుకంటే పనంతా అక్కడే జరుగుతుంది. చక్‌లో మందపాటి రాడ్ బిగించి, డయల్ గేజి ఆనించి, కింద చెక్క పెట్టి పైకి ఎత్తు, ముల్లు రెండు మూడు గీతలకి మించి ఊగితే బేరింగుల సంగతి అడుగు. మర కోతకి మార్చుకునే ఛేంజ్ గేర్లన్నీ ఉన్నాయా లెక్కపెట్టు, అవి విడిగా దొరకాలంటే తల ప్రాణం తోకకి వస్తుంది. మర కోసేటప్పుడు క్యారేజీని నడిపే లీడ్ స్క్రూ ఇంచులదా ఎంఎంలదా కనుక్కో. నా దగ్గరున్నది పాత సౌత్ బెండ్ లేత్, ఇండియానాలో చేసింది, ఇంచుల మెషిన్, దాంట్లో ఎంఎం మర సరిగ్గా రావాలంటే 127 పళ్ళ గేరు ఉండాలి, అంగుళం అంటే 25.4 ఎంఎం కదా, దాన్ని అయిదుతో గుణిస్తే వచ్చేదే ఆ 127. నీకు వచ్చే పనులన్నీ స్ప్రేయర్లు, రోటావేటర్లు, మోటార్ షాఫ్టులే కాబట్టి ఎంఎం స్క్రూ ఉన్నదైతే ఈ గొడవే ఉండదు.

తెచ్చాక గచ్చు మీద పెట్టి వెంటనే బోల్టులు లాగి బిగించెయ్యకు. బెడ్ మెలితిరిగితే టేపర్ వస్తుంది, అంటే ముక్క ఒక చివర లావు, ఒక చివర సన్నం అవుతుంది. మేస్త్రీ రసమట్టం ఈ పనికి చాలదు, ముక్క మీద చూసుకోవడమే మేలు. 25 ఎంఎం రాడ్‌ని చక్‌లోంచి నాలుగైదు అంగుళాలు బయటికి పెట్టి, టెయిల్ స్టాక్ ఆసరా లేకుండా, రెండు చివర్లా సన్నగా ఒకే కోత కొయ్యి, మైక్రోమీటర్‌తో రెండూ కొలువు. బయటి చివర లావుగా వస్తే టెయిల్ స్టాక్ వైపు కాళ్ళల్లో నీ వైపున్న కాలు కింద పల్చటి రేకు పెట్టు, సన్నగా వస్తే అవతలి కాలు కింద. మళ్ళీ కొయ్యి, మళ్ళీ కొలువు, ఓపిగ్గా చెయ్యి, ఒక పూట పట్టినా పట్టనీ.

టూల్ మొన సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉందో లేదో ఇలా చూసుకో, గుండ్రటి ముక్కకీ టూల్ మొనకీ మధ్య స్టీలు స్కేలు పెట్టి మెల్లగా నొక్కు. స్కేలు నిటారుగా నిలబడితే సరి. పైభాగం నీ వైపు వాలితే మొన కిందికి ఉంది, అవతలికి వాలితే పైకి ఉంది. టూల్ కింద రేకులు మారుస్తూ నిటారు చేసుకో. ఫేసింగ్ (ముక్క చివరని చదును) చేసినప్పుడు మధ్యలో చిన్న బుడిపె మిగిలిపోవడం ఈ ఎత్తు తేడా వల్లే. చక్ తాళం మాత్రం చేతిలో ఉన్నంతసేపే చక్‌లో ఉండాలి, చెయ్యి వదిలేముందు తాళం తీసెయ్, ఈ ఒక్క విషయంలో నిన్ను బతిమాలుతున్నా అనుకో.

కరెంటు సంగతి. ఆ లేత్‌కి త్రీ ఫేజ్ మోటారే ఉంటుంది, మనింటికి సింగిల్ ఫేజ్. మోటార్ మార్చక్కర్లేదు, 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే వీఎఫ్‌డీ అనే డ్రైవ్ పెట్టె పెట్టుకోవచ్చు, స్పీడు కూడా నీ చేతిలో ఉంటుంది. కానీ అది బయటికి ఇచ్చేది కూడా 230 వోల్టులే, కాబట్టి మోటార్ నేమ్‌ప్లేట్ మీద 230 డెల్టా, 415 స్టార్ (మోటార్ చుట్లు కలిపే రెండు పద్ధతులు) అని రెండూ ఉన్నదైతేనే కుదురుతుంది, లోపల లింకులు డెల్టాకి మార్చాలి. ఉత్త 415 డెల్టా అని ఉంటే ఆ ఉపాయం పనిచెయ్యదు. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్యలో స్విచ్ పెట్టకూడదు, ఆపడం వీఎఫ్‌డీ నుంచే ఆపాలి. ఎర్తింగ్ గొయ్యి కొత్తగా తవ్వించు, మన ఎలక్ట్రీషియన్ వద్దన్నా వినకు.

వెల్డింగ్ షెడ్డు బయట, రేకు వసారాలో పెట్టుకో. 3.15 ఎంఎం రాడ్‌కి 100 నుంచి 120 ఆంపియర్ల దాకా పెట్టి మొదలెట్టు. జీఐ (జింకు పూత వేసిన) పైపు అతికేముందు ఆ తెల్ల పూత గ్రైండర్‌తో తీసెయ్, జింకు పొగ పీలిస్తే రాత్రికి చలీ జ్వరం పట్టుకుంటాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన ముక్కని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెల్డింగ్ చెయ్యొద్దు, ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, ప్రాణాలు తీసే రకం. పని అయ్యాక కూడా గంటసేపు అక్కడే తిరుగుతూ ఉండు, పక్కన గడ్డివాము ఉంది కదా.

తుప్పు మీ దగ్గరా ఉంది, మా దగ్గరా ఉంది. ఇక్కడ చలికాలం గరాజ్‌లో ఇనుము గడ్డకట్టినంత చల్లగా ఉంటుంది, తలుపు తెరిస్తే తేమ గాలి వచ్చి దాని మీద చెమట పడుతుంది. మీకు జులై నుంచి నవంబరు దాకా గాలే తడి. రోజూ పని అయ్యాక బెడ్ తుడిచి 68 నంబరు మెషిన్ నూనె పల్చగా రాయి. ఇక్కడి పాత మెషినిస్టులు టూల్ పెట్టెలో కర్పూరం బిళ్ళలు వేసి మూత వేసేవాళ్ళు, నేనూ వేస్తున్నా, మైక్రోమీటర్లు మెరుస్తూనే ఉన్నాయి. అమ్మ పూజగదిలోంచి నాలుగు బిళ్ళలు అడిగి తీసుకో, నిప్పుకి మాత్రం దూరంగా ఉంచు.

మైక్రోమీటరూ డయల్ గేజీ నువ్వు కొనకు, సంక్రాంతికి వచ్చేటప్పుడు నేనే తెస్తా. ఈలోపు బెంచీ, వైస్, డ్రిల్లింగ్ మెషిన్ చూసుకో. ఆ లేత్ మోటార్ నేమ్‌ప్లేట్ దగ్గరగా ఒక ఫోటో, చక్ దగ్గర బెడ్ ఫోటో, గేర్లన్నీ కింద పరిచి ఒక ఫోటో తీసి పంపు, చూసి బేరం ఎంతకి తెగ్గొట్టాలో చెప్తా. నాన్న కంటి ఆపరేషన్ డేటు కూడా రాయి, అమ్మని అడిగానని చెప్పు.

మీ అన్నయ్య